గడువు తీరిన పేరు

శుక్రవారం సాయంత్రం మాదాపూర్ ఆఫీసు రిసెప్షన్‌లో రామచంద్రం తన చేతిసంచిలోంచి నాలుగు ప్రింటు కాగితాలు తీసి ఉమాశ్రీ ముందు పరిచిన చోట కిందటి భాగంలో మనం ఆగాం. ఆయన శేరిలింగంపల్లి వైపు ఒక ప్రభుత్వ డయాలిసిస్ సెంటర్లో టెక్నీషియన్. పదకొండేళ్ల కిందట 'డయాలిసిస్ తోడు' అని తెలుగులో ఒక వెబ్‌సైటు పెట్టాడు. ఏం తినాలి, రోజుకు ఎన్ని నీళ్లు తాగాలి, సూదులు గుచ్చే చేతిని ఎలా కాపాడుకోవాలి, ఇవన్నీ రోగులకు అర్థమయ్యే మాటల్లో రాస్తూ వచ్చాడు. ఏటా డబ్బు కట్టి నిలుపుకోవాల్సిన ఆ పేరుకు గడువు తీరిపోయింది. ఎవరో కొనేశారు. ఇప్పుడు అదే పేరు కింద, అదే నీలం రంగులో, "డయాలిసిస్ మానేయండి, మా చూర్ణం వాడండి" అని ఉంది. చందానగర్‌లో ఇస్త్రీ బండి నడుపుకునే సీతాబాయి అది నమ్మి, వారం రోజులు డయాలిసిస్‌కు వెళ్లడం మానేసి, ఊపిరి ఆడక దవాఖానలో పడింది.

ఆ పేరు కొన్నది తన కంపెనీయేనని ఉమాశ్రీకి ఆ సాయంత్రమే తెలిసింది. దాన్ని ఏరి, ఎదురుగా టిక్కు పెట్టింది తానేనని శనివారం పాత ఫైళ్లు తిరగేస్తే బయటపడింది.

ఉమాశ్రీ చేసే పని ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: ఎవరైనా ఫోనులో ఏదైనా వెతికితే మొదటి పేజీలో తమ క్లయింటు కనిపించేలా చూడటం. తొమ్మిదేళ్లుగా అదే పని. చూర్ణం కంపెనీ వాళ్లు మొదట వచ్చినప్పుడు కిడ్నీ, క్యూర్, హైదరాబాద్ అన్న మూడు మాటలూ అతికించి రైలంత పేరొకటి కొనుక్కుని వచ్చారు. జనం వెతికే మాట పేరులోనే ఉంటే చాలు, దానంతటదే పైకి తేలుతుందని వాళ్ల నమ్మకం. ఒకప్పుడు తేలేది కూడా. ఆ రోజులు పోయాయి. నిన్న పుట్టిన పేరుకు ఎన్ని మాటలు తగిలించినా దాన్ని ఎరిగినవాళ్లు ఎవరూ ఉండరు. ఏడు నెలలు తలకిందులైనా అది ఆరో పేజీ దాటి రాలేదు.

అప్పుడు ఉమాశ్రీ పనిచేసే కంపెనీ యజమాని వెంకట్, "పాత పేర్లు చూడు ఉమా" అన్నాడు.

గడువులోగా రెన్యూ చేసుకోని పేర్లు రోజూ వేల సంఖ్యలో మార్కెట్లోకి వచ్చి పడతాయి. వాటిలో కొన్నింటి గురించి ఆసుపత్రులు, పత్రికలు, కాలేజీలు ఎప్పుడో తమ పేజీల్లో రాసి, లింకులు ఇచ్చి ఉంటాయి. పేరు చేతులు మారినా ఆ లింకులు అలాగే ఉండిపోతాయి. పాత యజమాని ఏళ్ల తరబడి కూడబెట్టిన నమ్మకం కొత్తవాడికి కొంతకాలం ఊరికే కలిసొస్తుంది. ఉమాశ్రీ మూడు వందల పేర్ల జాబితా తెప్పించి, లింకుల లెక్కన పేర్చి, పైనున్న వాటికి వరసగా టిక్కులు కొట్టుకుంటూ పోయింది. ఒక్క దాన్నీ తెరిచి చూడలేదు. పదిహేడో వరసలో 'డయాలిసిస్ తోడు' ఉంది. దానికి టిక్కు కొట్టడానికి ఒక క్షణం పట్టి ఉంటుంది.

ఆదివారం ఆమె దవాఖానకు వెళ్లింది.

వార్డు బయట బల్ల మీద సీతాబాయి కూతురు రోహిణి కూర్చుని ఉంది. కొండాపూర్‌లో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, రోజుల తరబడి దువ్వుకోని జుట్టు రబ్బరు బ్యాండుతో ముడేసుకుంది. పక్కన రామచంద్రం నిలబడి ఉన్నాడు.

"అరటిపండు పెట్టొద్దని గా సైట్లనే ఉండె అక్కా" అంది రోహిణి, ఎవరూ అడగకుండానే. "కొబ్బరినీళ్లు తాగొద్దని గండ్లనే ఉండె. ఆరేండ్ల సంది అన్నీ గండ్లనే సూసుకుంట చేసినం. ఒక్కటి తప్పు కాలే. మరి గిదొక్కటి తప్పని నాకెట్ల ఎరుక?"

"పేరు మారలేదు కదా" అంది ఉమాశ్రీ మెల్లగా.

"పేరు గదే. ఫోన్ల కొట్టంగనే మీదికి గదే వచ్చింది. అమ్మకు సదువు రాదు. నేనే సదివి వినిపిచ్చిన."

ఆ చివరి మాట అంటున్నప్పుడు రోహిణి తలుపు వంక చూసింది, లోపల తల్లికి వినపడుతుందేమో అన్నట్టు.

ఉమాశ్రీకి ఇంక నోరు మూసుకుని ఉండటం చేతకాలేదు. "ఆ పేరును లిస్టులో పెట్టింది నేనే రోహిణీ. అందులో ఏముందో చూడకుండా పెట్టాను."

రోహిణి చాలాసేపు ఆమె మొహం చూసింది. తిడుతుందనుకుంది ఉమాశ్రీ. తిట్టలేదు. "మా అమ్మ మంచిగైనంక గీ మాట నువ్వే వచ్చి చెప్పు. నేను చెప్ప" అని లేచి లోపలికి వెళ్లిపోయింది.

రామచంద్రం తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు. తర్వాత, "రేపు మీ ఆఫీసుకొస్త బిడ్డా" అన్నాడు. "మీ సార్‌ను నువ్వడుగు. నువ్వడగకుంటే నేనడుగుత."

"నేనే అడుగుతానండి" అంది ఉమాశ్రీ.

సోమవారం పదిన్నరకు నెలవారీ రివ్యూ. అయ్యప్ప సొసైటీలో నాలుగో అంతస్తులోని ఆ ఆఫీసుకు మీటింగ్ రూమ్ ఒక్కటే. గోడకు పెద్ద టీవీ, దానికి ఎదురుగా బల్ల. బల్లకు ఆ చివర వెంకట్ కూర్చున్నాడు. నలభై ఆరేళ్ల మనిషి. భీమవరం నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒక్క గదిలో మొదలుపెట్టిన కంపెనీని ఇక్కడిదాకా తెచ్చాడు. డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయి, ఎవరూ ఇంటర్వ్యూకి కూడా పిలవని రోజుల్లో ఉమాశ్రీని పిలిచి ఉద్యోగమిచ్చింది అతనే. ఎవరిమీదా గొంతు పెంచడు. అందుకే అతనికి ఎదురు చెప్పడం కష్టం.

పక్కన చూర్ణం కంపెనీ మార్కెటింగ్ చూసే రోహిత్. గోడ వారగా, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కంటెంట్ రాసే మహేశ్. రామచంద్రం బయట రిసెప్షన్ కుర్చీలో కూర్చున్నాడు.

టీవీ మీద గ్రాఫు మెట్లెక్కినట్టు పైకి పోతోంది.

"సూపర్ అండీ!" అన్నాడు రోహిత్. "ఐదు వారాల్లో ఫస్ట్ పేజ్, సెకండ్ పొజిషన్. మా ఎండీ గారు నమ్మలేదు. ఏడు నెలలు ఆరో పేజీలో ఏడ్చాం కదా! ఇంకో నాలుగు పేర్లు ఇలాంటివే పట్టండి. షుగర్‌కొకటి, లివర్‌కొకటి..."

"ఆ పేజీ ఇవాళ తీసేయాలి సార్" అంది ఉమాశ్రీ.

ఆమె రోహిత్‌తో కాదు, వెంకట్‌తో అంది. వెంకట్ కళ్లజోడు సరిచేసుకున్నాడు. "ఏ పేజీ ఉమా?"

"'డయాలిసిస్ తోడు'. పేజీ తీసేయాలి. పేరు ఎవరిదో వాళ్లకి తిరిగి ఇచ్చేయాలి."

రోహిత్ నవ్వాడు. "తిరిగివ్వడమేంటండీ? దొంగతనం చేశామా? ఆయన రెన్యూ చేసుకోలేదు, మార్కెట్లోకి వచ్చింది, తీసుకున్నాం. హండ్రెడ్ పర్సెంట్ లీగల్."

"కొనడం గురించి కాదండి నేనంటోంది. వేరే ఎవరైనా కొనుక్కుని చీరలమ్ముకున్నా నాకు పేచీ లేదు. మనం ఆయన రంగు ఉంచాం, ఆయన బొమ్మ ఉంచాం. పేజీ చివర 'మీ రామచంద్రం' అని సంతకం కూడా ఉంచాం. పైన మాత్రం మన చూర్ణం పెట్టాం. చదివేవాళ్లు ఆయనే చెప్తున్నాడనుకున్నారు. అలా అనుకోవాలనే కదా ఉంచింది?"

మహేశ్ కీబోర్డు వంక చూస్తున్నాడు.

ఉమాశ్రీ సీతాబాయి సంగతి చెప్పింది. వారంలో మూడు సార్లు జరగాల్సిన డయాలిసిస్ మూడు సార్లూ మానేసిందనీ, ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కి, ఆటోలో తీసుకొస్తుంటే దారిలోనే పెదాలు నీలంగా మారాయనీ చెప్పింది. ఏడవకుండా, రిపోర్టు చదివినట్టు చెప్పాలని పొద్దున స్కూటీ మీద వస్తూ అనుకుంది. దాదాపు అలాగే చెప్పగలిగింది.

"వెరీ సాడ్ అండీ" అన్నాడు రోహిత్. "కానీ మన పేజీ కింద డిస్‌క్లెయిమర్ ఉంది కదా. డాక్టర్ని సంప్రదించకుండా ఏదీ మానకూడదని క్లియర్‌గా రాశాం."

ఉమాశ్రీ లేచి ఆ పేజీని టీవీ మీద తెరిచింది. చివరిదాకా జరిపి, పక్కకు తప్పుకుంది. "చదవండి రోహిత్ గారూ."

రోహిత్ ముందుకు వంగాడు. కళ్లు చిట్లించాడు. తెల్లటి పేజీ మీద బూడిదరంగు చీమలబారు ఒకటి కనిపిస్తోంది.

"అది... మొబైల్‌లో జూమ్ చేస్తే..."

"యాభై అంగుళాల టీవీలో మీరు చదవలేనిది సీతాబాయి ఐదంగుళాల ఫోన్లో ఎలా చదువుతుందండి? ఆవిడకి చదువే రాదు. కూతురు పెద్ద అక్షరాలు చదివి వినిపించింది."

"ఉమా" అన్నాడు వెంకట్. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "ఇది మనం తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. రోహిత్ గారి టైమ్ వేస్ట్ చెయ్యొద్దు."

"తర్వాత కాదు సార్. ఇవాళ పొద్దుట్నుంచే నాలుగు వందల మంది చూశారా పేజీని. ఆ లెక్క మీ గ్రాఫులోనే ఉంది. ఆ నాలుగు వందల్లో ఎంతమందికి ఇవాళ డయాలిసిస్ ఉందో నాకు తెలీదు. మీకు తెలుసా?"

వెంకట్ మౌసు తన వైపు లాక్కుని ఏదో ఫైలు తెరిచాడు. టీవీ మీద గ్రాఫు పోయి, గళ్ల జాబితా ఒకటి వచ్చింది. పదిహేడో వరస. పచ్చటి టిక్కు. పక్కన తేదీ, ఆ పక్కన పేరు: ఉమాశ్రీ.

"ఇది ఎవరి లిస్టమ్మా?" అన్నాడు. "నువ్వు ఏరావు. నేను సరేనన్నాను. మహేశ్ రాశాడు. ఎవరి పని వాళ్లు చేశాం. ఇప్పుడు నువ్వొక్కదానివే మంచిదానివైపోయి, మేమంతా రాక్షసులమంటే ఎలాగ?"

ఈ మాట వస్తుందని ఉమాశ్రీకి తెలుసు. రెండు రోజులుగా దీనికే భయపడింది. మెతుకు సయించక కంచం ముందునుంచి లేచిపోతే తల్లి వీరలక్ష్మి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది కూడా. తీరా ఆ మాట వచ్చి, టీవీ మీద తన పేరు అంత పెద్దగా కనిపించేసరికి, ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదన్న తెగింపు వచ్చింది.

"నాదే సార్. నేనే పెట్టాను. తెరిచి చూడాల్సిన పని నాది, చూడలేదు. నిన్న దవాఖానకెళ్లి ఆ అమ్మాయికి కూడా చెప్పాను. నేనేం చెయ్యలేదని చెప్పుకోడానికి రాలేదివాళ. చేశాను కాబట్టే వచ్చాను."

"చెప్పావా?" వెంకట్ కనుబొమలు ముడిపడ్డాయి. "వాళ్లకి కంపెనీ పేరు చెప్పావా?"

"చెప్పాల్సిన పన్లేదు. చూర్ణం వాళ్లను అడిగి ఆయనే వెతుక్కుంటూ వచ్చారు."

ఆమె వెళ్లి తలుపు తెరిచింది. "రండి రామచంద్రం గారూ."

ఆయన చెప్పులు బయట విడిచి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఈయన రామచంద్రం గారు" అంది ఉమాశ్రీ. "ఆ పేజీ కింద సంతకం ఈయనదే."

వెంకట్ లేచి నమస్కారం పెట్టాడు. అలవాటైన మర్యాద అది. "సార్, మీ బాధ అర్థమైంది. కానీ మీరు కూడా కొంచెం జాగ్రత్త పడాల్సింది. గడువు అయిపోయేముందు మెయిల్స్ వస్తాయి, అయిపోయాక కూడా వస్తాయి. మీరు చూసుకోలేదు."

"అది నా గలతే సార్. ఒప్పుకుంట" అన్నాడు రామచంద్రం. "మా అక్క కొడుకు దినేశ్ చేసిపెట్టిండు గా సైటు. అప్పుడు వాడు ఇంజనీరింగ్ చదువుతుండె. కాలేజోళ్లు ఇచ్చిన మెయిల్ పెట్టిండు. వాడు బయటికొచ్చినంక కాలేజోళ్లు గది బంద్ చేసిన్రు. మీరన్న మెయిల్లన్నీ గాడికే పోయినయ్. ఇన్నేండ్లు పైసలు వాడి కార్డులకెళ్లి దానంతటదే కట్ అయితుండె. కార్డు మారింది, మాకు తెల్వలే. నా గలతికి నన్ననుండ్రి, పడ్త. సీతాబాయి ఏం గలతి చేసింది?"

వెంకట్ కూర్చున్నాడు.

"పేరు పెట్టేటప్పుడు రెండు దినాలు లొల్లి పెట్టుకున్నం మామ అల్లుడు" అన్నాడు రామచంద్రం, ఇంకెవరికో చెప్తున్నట్టు. "నాకేమో ఉత్త 'తోడు' అనే పెట్టాల్నని. వాడన్నడు, మామా, పేషెంట్లు ఏం కొడ్తరు ఫోన్ల? డయాలిసిస్ అని కొడ్తరు, గా మాట ముంగట ఉండాలె అని. మళ్లీ ఇంగ్లీషుల తోడుకు హెచ్ పెట్టాల్నా వద్దా అని ఇంకో లొల్లి. మొదట్ల ఎవ్వరికీ కనిపియ్యకపోయేది. మా సెంటర్ల బెడ్ బెడ్‌కు పోయి నేనే ఫోన్ల పెట్టిచ్చేది. తర్వాత ఒక డాక్టరమ్మ తన పేజీల రాసింది. ఒక పేపరోళ్లు రాసిన్రు. పదకొండేండ్లు పట్టింది సార్, జనం నమ్మనీకి. మీకు ఐదు వారాలల్ల అయింది."

రోహిత్ గొంతు సవరించుకున్నాడు. "సార్, మీకు ఏదైనా కాంపెన్సేషన్ లాంటిది..."

"నాకు పైసలెందుకు? నా పేరు నాకియ్యుండ్రి."

"అది కుదరదండీ. అది ఇప్పుడు మా బిజినెస్."

రామచంద్రం అడగాల్సింది అయిపోయింది. ఉమాశ్రీ వెంకట్ వంక చూసింది. ఒక్క మాట, ఒక్క తల ఊపు చాలు. తొమ్మిదేళ్లుగా ఆ మనిషిని చూస్తోంది. జ్వరమొస్తే ఇంటికి పంపేవాడు. ఆమె తండ్రి సోమేశ్వరరావుకు ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రికి వచ్చి పొద్దంతా కూర్చున్నాడు. ఆ మనిషి ఇప్పుడైనా సరే అంటాడని ఆమె నిజంగానే అనుకుంది.

వెంకట్ గోడ వైపు తిరిగాడు. "మహేశ్, ఉమ లాగిన్ తీసెయ్."

ఆ పేజీలో 'మూడు నెలల్లో డయాలిసిస్ పూర్తిగా మానేశాను' అని లేని మనిషి పేరుతో రాసింది మహేశే. మాట తడబడకుండా, కన్నీళ్లు వచ్చేలా రాశాడని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా.

"పాస్‌వర్డ్ గుర్తు రావట్లేదు సార్" అన్నాడు మహేశ్.

"నీ సిస్టమ్‌లో సేవ్ అయ్యే ఉంటుంది."

"సిస్టమ్ కూడా ఆన్ అవట్లేదు సార్" అన్నాడు. ఒళ్లో లాప్‌టాప్ వెలుగు అతని చొక్కా మీద స్పష్టంగా పడుతోంది. అందరూ చూస్తుండగానే మూత దించేసి, చేతులు దాని మీద పెట్టుకున్నాడు.

ఉమాశ్రీ ఆగలేదు. టీవీ తీగను తన లాప్‌టాప్‌కు తగిలించింది. ఏం చేసినా అందరికీ కనిపించేలా చేయాలని ఆమె పట్టుదల. ముందు ఆ చూర్ణం పేజీ మొత్తాన్నీ కాపీ తీసి దాచుకుంది. తర్వాత పైనుంచి కిందిదాకా సెలెక్ట్ చేసి, డిలీట్ నొక్కింది. ఆ నీలం రంగు, ఆకుల బొమ్మ, నవ్వుతున్న డాక్టరు బొమ్మ, లేని మనుషుల సాక్ష్యాలు, ఒక్క దెబ్బకు పోయాయి. తెల్లటి గడి మిగిలింది.

"ఇది మా ప్రాపర్టీ!" రోహిత్ లేచి నిలబడ్డాడు. "మీ మీద కేసు వేస్తాం!"

"వేయండి. కేసంటే కోర్టులో మీ చూర్ణం పేజీ చదివి వినిపించాలి. మీ దగ్గర లేకపోతే చెప్పండి, నా దగ్గరుంది, నేనే తెస్తాను." ఆమె రామచంద్రం వైపు తిరిగింది. "ఏం రాయమంటారండి?"

ఆయనకు ఆలోచించాల్సిన పనే లేకపోయింది. బెడ్ పక్కన నిలబడి రోజూ చెప్పే మాటలే. ఆయన చెప్తుంటే ఆమె అక్షరం అక్షరం కొట్టింది. టీవీ మీద తెలుగు ఒక్కో ముక్కగా తేలింది:

'ఇక్కడ ఇన్ని రోజులు రాసింది అబద్ధం. అది రామచంద్రం రాసింది కాదు. డయాలిసిస్ మానకండి. మానినవాళ్లు ఇవాళే, ఇప్పుడే మీ సెంటర్‌కు పోండి. ఆయాసం వస్తుంటే ఒక్క గంట కూడా ఆగకండి.'

"పెద్దగ పెట్టు బిడ్డా" అన్నాడు రామచంద్రం. "కండ్లు కనిపియ్యనోళ్లు సుత సదవాలె."

ఆమె అక్షరాల సైజు పెంచింది. ఇంకా పెంచింది. తెర మొత్తం అవే నిండాయి. పబ్లిష్ బటన్ నొక్కింది.

వెంకట్ కుర్చీలోంచి కదల్లేదు. అతని మొహంలో కోపం కంటే అలసటే కనిపించింది. "నువ్వు ఈ క్షణం నుంచి ఇక్కడ పనిచెయ్యట్లేదు ఉమా."

"తెలుసు సార్." ఆమె మెడలోంచి ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "నాకు మొదటి ఉద్యోగం మీరిచ్చారు. అది నేనెక్కడికెళ్లినా చెప్తాను. దీని గురించి కూడా ఎవరడిగినా చెప్తాను."

తలుపు దగ్గర మహేశ్ గొణిగినట్టుగా, "అది మళ్లీ పెట్టమంటే నేను పెట్టనక్కా" అన్నాడు. ఆమె అతని భుజం తట్టి బయటికి నడిచింది.

కింద సందు మొదట్లో చాయ్ బండి ఉంది. ఉమాశ్రీ మెట్లు దిగి దాని పక్కన నిలబడింది. రామచంద్రం రెండు చాయ్‌లు చెప్పి, ఒక గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"పేరు ఇంకా వాళ్ల దగ్గరే ఉందండి" అంది ఆమె. "మనం మార్చింది పేజీ మాత్రమే. పేరు మీ చేతికి రావాలంటే ఓనరు సంతకం పెట్టాలి."

"పెడ్తరు తీ. గింత చేసినవ్, గది గూడ అయితది." ఆయన మొదటిసారి నవ్వాడు. "రోహిణికి చెప్త. పోరి నీ మీద గుస్స మీదున్నది. ఇది ఇంటే జర దిగుతది."

అప్పుడే ఫోను మోగింది. తెలియని నంబరు. పక్కనే మిక్సర్ లారీ ఒకటి వెనక్కి వస్తూ కూతలు పెడుతోంది, ఏమీ వినబడటం లేదు. ఉమాశ్రీ స్పీకరు ఆన్ చేసింది.

"ఉమాశ్రీ గారేనా? తండ్రి పేరు సోమేశ్వరరావు, ఉండేది నిజాంపేట?"

"అవునండి."

"సైబర్ క్రైమ్ నుంచి ఎస్సై స్వామిని మాట్లాడుతున్న. 'డయాలిసిస్ తోడు' అన్న వెబ్‌సైటు మీదే కదా మేడం?"

"నాది కాదండి. మా కంపెనీది. నేను అక్కడ పనిచేసేదాన్ని."

"కంపెనీ పేరు ఎక్కడ లేదు మేడం. కొన్నప్పటి సంది మీ పేరు మీదనే ఉన్నది. మీ ఆధార్, మీ అడ్రస్, అన్నీ మీవే. అదొక్కటే కాదు, గట్లాంటివి ఇంకా ముప్ఫై పైన ఉన్నయ్. అన్నిటికి ఓనరు మీరే. పోయిన బుధవారం రోహిణి అని ఒకమ్మాయి కంప్లయింట్ ఇచ్చింది. మీరొకసారి స్టేషన్‌కు రావాల్సుంటది."

లారీ కూతలు ఆగిపోయాయి.

చేరిన కొత్తలో ఆఫీసులో ఇచ్చిన ఆధార్ కాపీ. ఎక్కడైనా తేడా వస్తే కంపెనీ పేరు బయట పడకుండా వెంకట్ ఆమెను ముందు నిలబెట్టాడు. ఈ రోజు కాదు, ఎప్పుడో. దవాఖానలో ఆమె తండ్రి పక్కన అతను కూర్చున్న రోజుకు ముందో, తర్వాతో. ఇందాక 'కంపెనీ పేరు చెప్పావా' అని అతను ఎందుకు గుచ్చి అడిగాడో ఇప్పుడు తెలిసింది.

రామచంద్రం చాయ్ గ్లాసును బండి మీద పెట్టేశాడు. సగం కూడా తాగలేదు.

"టిక్కు పెట్టిన అన్నవు బిడ్డా" అన్నాడు. "కొన్నది సుత నువ్వే అని చెప్పలే."

"నేను కొనలేదు రామచంద్రం గారూ. నాకు ఇప్పుడే, మీతోపాటే తెలిసింది."

పదకొండేళ్ల పేరు ఒకసారి పోగొట్టుకున్న మనిషి, ఇంకోసారి నమ్మాలా వద్దా అన్నట్టు ఆమెనే చూస్తున్నాడు.

"మేడం, లైన్లో ఉన్నరా?" అంది ఫోను.

"ఉన్నానండి" అంది ఉమాశ్రీ. "మీరు మళ్లీ పిలవక్కర్లేదు, ఇప్పుడే వస్తున్నాను. ఆ ముప్ఫై పేర్లూ ప్రింటు తీసి ఉంచండి. ఓనర్ని నేనే అయితే, అవి ఎవరెవరివో ముందు నాకు తెలియాలి కదా."

స్కూటీ తాళం తిప్పింది. వెనక సీటు మీది దుమ్ము చేత్తో తుడిచింది. "ఎక్కండి. అక్కడ ఏం చెప్పినా మీ ముందే చెప్తాను."

రామచంద్రం ఎక్కలేదు. జేబులోంచి ఫోను తీసి, రోహిణి నంబరు నొక్కి, చెవికి ఆనించుకుని అటు తిరిగి నిలబడ్డాడు.